రాళ్లు కలిపిన చెయ్యి

కరీంనగర్‌లో మా బోర్డింగ్ బడిలో వంట చేసిన పెద్దవ్వ పోయిన వారం పెద్దపల్లిలో కన్నుమూసింది. ఆమె కోడలు రాయించిన కార్డు నాకు అందేసరికి మట్టి చేయడం కూడా అయిపోయింది. చివర ఒక్క మాట ఉంది: "నిన్ను యాది చేసేది." మిగతా కార్డు అంతటికంటే ఆ మాట చదవడానికే నాకు ఎక్కువసేపు పట్టింది.

నన్ను బోర్డింగ్‌లో చేర్చినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. బొగ్గు బాయిలో పైకప్పు కూలి మా బాపు పోయి నెల కాలేదు. నేను మాట్లాడటం మానేశాను. సిస్టర్లు బతిమాలారు, నా కోసం ప్రార్థన చేశారు, చివరికి మూలన నిలబెట్టారు. పిల్లలు మూగపిల్ల అన్నారు. పెద్దవ్వ మాత్రం ఒక సాయంత్రం వంటింటి గడప మీద కూర్చోబెట్టి చాటెడు బియ్యం ఇచ్చింది.

"జర రాళ్లు ఏరు బిడ్డా. నా కండ్లు కనబడ్తలేవు. నీ నోరు నీతాననే ఉండనియ్యి, నాకు చేతులే గావాలె."

పక్కనే కూర్చుని తనూ ఒక చాట ఏరేది. నా వైపు చూసేది కాదు, ఏమీ అడిగేది కాదు. ఒకరోజు నాకు ఏడుపొచ్చింది.

"ఏడ్వు, ఏం కాదు. బియ్యం తడుపకు, రేపు వండాలె."

నవ్వొచ్చింది. ఇంకెన్ని రోజులకో చాటలోకి చూస్తూ, "బాపు చెప్పులు ఇంటికాడనే ఉన్నయ్," అన్నాను.

"ఏం రంగువి?" అంది, తలెత్తకుండానే.

అప్పటినుంచి రోజూ ఏదో ఒకటి చెప్పేదాన్ని.

ఒకరోజు ముందుగా వెళ్లాను. పెద్దవ్వ ముందురోజు ఏరిన రాళ్లను చిన్న డబ్బాలోంచి తీసి శుభ్రమైన బియ్యంలో కలుపుతోంది. నన్ను చూసి నవ్వింది.

"ఏం జెయ్యాలె? బియ్యంల రాళ్లు ఒడిసినయ్, ఒక్కటి లేదు. నీ ముచ్చట ఒడువకపాయె."

ఆమె మంచితనం వరకే రాసి ఆపితే మీకు అబద్ధం చెప్పినట్టవుతుంది. మరో సాయంత్రం అదే పని బడి పెద్ద మదర్ కంటపడింది.

"పిల్లలు తినే బియ్యంలో రాళ్లు కలుపుతున్నావా?"

అందరూ పోగయ్యారు. పెద్దవ్వ నా వైపు చూడలేదు, నా పేరు ఎత్తలేదు. "పొరపాటైందమ్మా," అంది. నేను గడప మీదే చాట పట్టుకుని ఉన్నాను. అప్పటికి నాకు మాటలున్నాయి, ఆమె తెప్పించినవే. "నా కోసమే" అంటే చాలు. అనలేదు. బియ్యం వైపు చూస్తూ ఉండిపోయాను.

పనిలోంచి తీసేశారు. మర్నాడు మూట కట్టుకుని వెళ్తూ నా దగ్గర ఆగింది. "మంచిగ మాట్లాడు బిడ్డా. మల్ల బందు వెట్టకు."

తర్వాత ఎన్నోసార్లు ఆమె ఊరు పెద్దపల్లి మీదుగా రైల్లో వెళ్లాను. ఒక్కసారీ దిగలేదు. ఏం చెప్పాలో తెలియక కాదు, తెలిసే.

ఇప్పుడు నేను బాయి కాలనీ బడిలో టీచర్ని. నా తరగతిలో తల్లి పోయిన పిల్ల ఒకతి ఉంది. రెండు నెలలుగా మాట్లాడటం లేదు. మూలన నిలబెట్టలేదన్న మాటే గానీ, నేనూ అందరిలాగే అడిగి అడిగి విసిగించాను. కార్డు వచ్చిన సాయంత్రం ఆ పిల్లను ఇంటికి పిలిచి చాట ఇచ్చాను. కొద్దిసేపట్లోనే బియ్యంలో రాళ్లన్నీ అయిపోయాయి. ఏరినవాటిని పిల్ల చూడకుండా మళ్లీ కలపబోయాను.

చూసింది. నా పిడికిలి చాట మీద ఆగిపోయింది.

"నీ కోసమే," అన్నాను.

ఆ పిల్ల చాటను కొంచెం నా పిడికిలి కిందికి జరిపింది.