చెల్లె చేతిపట్టు

అరవైల చివర్లో నేను యూనివర్సిటీలో పరిశోధన చేస్తూ తార్నాకలో ఒక పెంకుటింటి వెనకగదిలో అద్దెకుండేదాన్ని. ఎదిగే వయసులో ఉన్న, ఏ జబ్బూ లేని పిల్లల చేతిపట్టు ఎంత ఉంటుందో కొలవడం మా పని. పిడికిట్లో ఇమిడే ఇనుప పరికరం, దాని మీద గడియారంలో ఉన్నట్టు ఒక ముల్లు. గట్టిగా నొక్కితే ముల్లు కదిలేది. సీతాఫల్‌మండి, నల్లకుంట బడులకు వెళ్లి పిల్లల్ని నిలబెట్టి కొలిచేవాళ్లం. మగపిల్లలు పళ్లు బిగబట్టి నొక్కేవాళ్లు. ఆడపిల్లలు మొదట సిగ్గుపడేవాళ్లు, పక్కపిల్లకు ఎక్కువొచ్చిందని తెలిస్తే మాత్రం ఇంకోసారి ఇమ్మని వెంటపడేవాళ్లు.

మా చెల్లె నా దగ్గరే ఉండి తొమ్మిదో తరగతి చదివేది. ఊళ్లో అమ్మతో పాటు నాట్లు వేసిన చెయ్యి దానిది. దాన్ని డిపార్ట్‌మెంటుకు తీసుకెళ్లి కొలిస్తే, ప్రొఫెసరుగారు పరికరం చెడిందేమోనని తాను కూడా నొక్కి చూసుకున్నారు. ఆయనకంటే చెల్లెకే ఎక్కువొచ్చింది. దాని పేరు కూడా మా లెక్కలో చేర్చుకున్నాం. ఆ వారమంతా అది వాడకట్టులో అందరికీ చెప్పుకుంది.

ఏడాది తర్వాత అదే పిల్లల్ని మళ్లీ కొలవాలి. ఈలోగా వానాకాలంలో చెల్లె చేతిలోంచి గ్లాసులు జారిపడడం మొదలైంది. ధ్యాస ఎక్కడుందని కసిరాను. రెండోసారి కొలిచినప్పుడు ముల్లు కొంచెం కదిలి ఆగిపోయింది.

"మిషిన్ ఖరాబైనట్టున్నదక్కా" అంది.

నేను నొక్కి చూశాను. బాగానే ఉంది.

ఆసుపత్రిలో డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, కండరాలు క్షీణించే జబ్బని, మందు లేదని చెప్పాడు. ప్రొఫెసరుగారికి చెబితే కొలతల పుస్తకంలో చెల్లె పేరున్న పేజీ తీశారు. తర్వాత మెల్లగా, "మనది ఆరోగ్యంగా ఉన్న పిల్లల లెక్క కదమ్మా. ఆ అమ్మాయిని అందులో ఉంచలేం" అన్నారు. తలూపాను. ఇంట్లో ఆ మాట ఎత్తలేదు.

ఒక సాయంత్రం క్యాంపస్‌లో మెట్లెక్కలేక చెల్లె మధ్యలోనే కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను.

"అక్కా, నన్ను తీసేసినవా?"

"దేంట్లకెళ్లి?"

"తెల్వనట్టు అడగకు. నన్ను ఉంచితే కడమ పిల్లల లెక్క ఖరాబైతది గదా."

"తీసేసిన."

"మంచిగ చేసినవ్."

కాసేపు రోడ్డు మీద పోయే సైకిళ్లను చూసింది. "జర నా చెయ్యి పట్టుకో. నాకు పట్టుకునుడు వస్తలేదు" అంది. పట్టుకున్నాను. అంత తేలికైన చెయ్యి నేను బడుల్లో ఏ పిల్ల దగ్గరా చూడలేదు.

చలికాలానికి మంచం పట్టింది. ఊరి నుంచి అమ్మ వచ్చింది. ఆమెకు జబ్బు పేరు నోరు తిరగలేదు, నేనూ పదేపదే చెప్పలేదు. ఒక పొద్దున అమ్మ దాని తలలో చిక్కు తీస్తుంటే, ఒక పక్క జడ అల్లడం పూర్తికాకముందే చెల్లె ఊపిరి ఆగింది. అమ్మ రెండో జడ కూడా అల్లి, రిబ్బను కట్టి, అప్పుడు ఏడ్చింది.

ఊళ్లో కర్మకాండ ముగిశాక అమ్మ నాతోపాటు తార్నాకకు తిరిగొచ్చింది. నేను పనిలోకి పోనంటే వినలేదు. తనూ వస్తానని బయలుదేరి, సీతాఫల్‌మండి బడి వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. పిల్లలు ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ వచ్చి పరికరం నొక్కుతుంటే, ప్రతి చెయ్యినీ చూస్తూనే ఉంది. గంట కొట్టాక పిల్లలందరూ క్లాసుల్లోకి వెళ్లిపోయారు.

"అందరి చేతులు మంచిగున్నయా బిడ్డా?"

"మంచిగున్నయమ్మా."

"ఉండనీ" అంది. కొంగుతో ముఖం తుడుచుకుని, లేవడానికి నా భుజం ఆసరా తీసుకుంది.