బడి మాట ఎత్తని మధ్యాహ్నం

మార్జీన్ ట్వెట్ సాధించిన మొదటి గెలుపు పంతులమ్మ ఇల్లు. బడి పక్కనున్న ఆ రెండు గదుల ఇంటికి అప్పట్లో కిటికీలు సరిగా మూసుకునేవి కావు. జనవరి గాలి లోపలికొచ్చి, రెండు గదులూ తిరిగి చూసుకుని, వెనక తలుపులోంచి వెళ్ళిపోయేది. సెప్టెంబరులో చేరిన టీచరు క్రిస్మస్ సెలవులకి వెళ్తే మళ్ళీ కనిపించేది కాదు. పిల్లలు సగం పాఠాలతో మిగిలిపోయేవారు. మార్జీన్ బడిని నడిపే బోర్డులోకి వచ్చి, ఇల్లు బాగు చేయకపోతే టీచరు నిలవదని రెండు శీతాకాలాలు పోట్లాడింది.

థర్మన్ హాచ్ అడ్డం తిరిగాడు. అతనికి పిల్లల్లేరు, భూమి మాత్రం మా అందరికంటే ఎక్కువ. భూమి ఎక్కువైతే పన్నూ ఎక్కువే కదా.

"టీచరమ్మకి మనమెందుకమ్మా ఇల్లు బాగు చేయడం? నాకెవడు చేశాడు?" అన్నాడు మీటింగులో లేచి.

"నీ ఎద్దులకి కొట్టం కట్టించావా లేదా థర్మన్?"

"అవి నా ఎద్దులు."

"వీళ్ళు మన పిల్లలు," అంది మార్జీన్.

ఆ ఒక్క మాటతో గెలిచింది. ఇంటి పైకప్పుకి మేకులు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ ఇంట్లోకి వచ్చిన ఒడెట్ రూలో అనే టీచరు ఇప్పటికీ అక్కడే ఉంది. వాకిట్లో పుల్లటి కాడల రుబార్బ్ మొక్కలు పెంచింది, ఊరందరికీ పంచింది, మా పిల్లల తరవాత మనవలకీ చదువు చెప్పింది.

మాది ఆంట్లర్ క్రీక్. అమెరికాలో, మోంటానా రాష్ట్రం తూర్పు వైపున, మ్యాపులో పేరు రాయడానికి కూడా బద్ధకించే చోటు. ఒక బడి, ఒక టీచరు, ఒక బోర్డు. మా స్కూల్ డిస్ట్రిక్టు అంటే అంతే. నేను చదివింది ఆ బడిలోనే, ఎనిమిదో తరగతి దాకా. ఆ పైన నా చదువంతా ఆవుల దగ్గరే. అయినా చెప్తున్నాను, మా బడి పిల్లలు పై చదువుకి గంట దూరంలోని హ్యాడ్లీ పట్నం హైస్కూలుకి వెళ్తే అక్కడి లెక్కల మేష్టరు మొదటి వారంలోనే కనిపెట్టేస్తాడు, "నువ్వు ఆంట్లర్ క్రీక్ నుంచి కదూ?" అని. మార్కుల్లో మా పిల్లలు కౌంటీలో, అంటే మా జిల్లాలో, పైవరసలోనే ఉంటారు. మా ఆవులకి కాన్పులు చేసే పశువుల డాక్టరు టెస్ మా బడి పిల్లే. ఒడెట్ దగ్గర చదివిన ఒకడు ఇప్పుడు వంతెనలు కడుతున్నాడు. వాటిలో ఒకదాని మీదుగా నేను నా బండిలో వెళ్ళొచ్చాను కూడా, గట్టిగానే ఉంది.

ఆ బడిని నడిపేది ముగ్గురం: అధ్యక్షురాలు మార్జీన్, నేను, కుర్రాడు కోల్టర్ మేజ్. ఊరివాళ్ళు ఓట్లేసి ఎన్నుకుంటారు. జీతం లేదు, తిట్లు ఉన్నాయి. మాకు ఒక చట్టం ఉంది. ముగ్గురిలో ఇద్దరు ఎక్కడ కలిసి బడి సంగతి మాట్లాడినా అది మీటింగే. మీటింగు అంటే ముందుగా పోస్టాఫీసు తలుపు మీద నోటీసు అంటించాలి, వచ్చినవాళ్ళందరినీ కూర్చోబెట్టి విననివ్వాలి. నోటీసు లేకుండా మాట్లాడుకుంటే తప్పు. చుట్టుపక్కల బోర్డులవాళ్ళు కంచె దగ్గరో, కాఫీ దగ్గరో ఓ ముక్క అనుకోవడం మామూలే. మార్జీన్ దగ్గర ఆ ముక్క కూడా కుదరదు.

ఒకసారి మా దొడ్లో, ఎవరివో తెలిసేలా దూడలకి ముద్రలు వేస్తున్నాం. నేను దూడని పట్టుకున్నాను, ఆమె సూది వేస్తోంది.

"మార్జీన్, ఆ బస్సు టైర్లు..."

"కాలు గట్టిగా పట్టుకో ఆర్విడ్."

"అది కాదే, నేననేదేమిటంటే..."

"నోటీసు అంటించావా?"

"ఇక్కడ ఆవులు తప్ప ఎవరున్నారే వినడానికి?"

"అయితే వాటికి ఓటు హక్కు వచ్చేదాకా ఆగు."

అలా పొరుగునే ఉంటూ, కలిసి గడ్డి కోస్తూ, ఒకరి దూడల్ని ఒకరం వెతికిపెడుతూ, బడి సంగతి మాత్రం మీటింగులో తప్ప ఎత్తకుండా ఇన్నేళ్ళు గడిపాం. నా భార్య డోరిస్ నవ్వేది, "మీ ఇద్దరి కంటే మూగవాళ్ళు నయం" అని.

ఇక బడిని వెచ్చగా ఉంచే బాయిలరు సంగతి. రాష్ట్రం ఇచ్చే డబ్బు పిల్లల తలలు లెక్కపెట్టి ఇస్తుంది. రెండు కుటుంబాలు వలస పోవడంతో మా తలలు తగ్గాయి. మిగతాది భూమి పన్నులోంచి రావాలి. దానికో హద్దు ఉంది, ఆ హద్దు దాటాలంటే ఊరిని ఓటు అడగాలి. కిందటిసారి అడిగితే ఊరు కాదంది. డబ్బు లేక కాదు, నమ్మకం లేక. "ఆ ముగ్గురూ ఎవరి వంటింట్లోనో కూర్చుని అన్నీ ముందే తేల్చేస్తారు, మీటింగు నాటకం" అని ధాన్యం గోదాము దగ్గర ఎవరో ఒకరు అనేవారు. ఎక్కువగా అన్నది థర్మనే.

ఆ ఫిబ్రవరిలో పాత బాయిలరు ఆగిపోయింది. అరువు హీటర్లు పెట్టి, పిల్లలు కోట్లు విప్పకుండానే చదువుకున్నారు. కొత్తది కొనే డబ్బు కోసం మళ్ళీ ఓటు పెట్టక తప్పలేదు. నోటీసు అంటించి పెట్టిన మీటింగులో మార్జీన్ సూటిగా చెప్పింది: "ఈసారి కూడా ఓడితే బడికి తాళం వేసి తాళంచెవి హ్యాడ్లీ వాళ్ళ చేతిలో పెట్టడమే. మన ఆరేళ్ళ పిల్లలు శీతాకాలం చీకట్లో లేచి, పొద్దున గంట, సాయంత్రం గంట బస్సులో కూర్చోవాలి." ఆమె చదివింది ఆ బడిలోనే, ఆమె పిల్లలూ అక్కడే.

మార్చిలో ఇంగా సేథర్ ముసలమ్మ పోయింది. హ్యాడ్లీ చర్చిలో సమాధి కార్యక్రమం, తరవాత హ్యామ్ శాండ్‌విచ్‌లతో భోజనాలు. నా పికప్‌లో నేనూ మార్జీనూ తిరిగి వస్తున్నాం. మధ్యాహ్నమే గాలి లేచింది, మంచు తెల్లటి గుడ్డ కప్పినట్టు రోడ్డుని మింగేసింది. సేథర్ వాళ్ళ మలుపు దగ్గర బండి గోతిలోకి జారి కూర్చుంది. మా ప్రాంతంలో ప్రతి బండిలో, ప్రతి వంటింట్లో రేడియో ఉంటుంది, అందరిదీ ఒకటే చానెలు. నేను డోరిస్‌ని పిలిచి ఎక్కడున్నామో చెప్పాను. "కదలకండి, ఎవరినైనా పంపిస్తాను" అంది. నేను రేడియో మైకు సీటు మీద పెట్టాను. మార్జీన్ కాళ్ళ దగ్గర చోటు కోసం, భోజనాలకి తెచ్చిన తన గాజు పళ్ళెం ఎత్తి సీటు మీద పెట్టింది. ఆ పళ్ళెం సరిగ్గా మైకు మీట మీద కూర్చుంది. మీట నొక్కి ఉన్నంతసేపూ మన మాట అందరికీ పోతుంది, వాళ్ళ మాట మనకి రాదు. మాకు ఆ సంగతి తెలియదు.

తరవాత నేనే మొదలుపెట్టాను.

"మార్జీన్, ఎలాగూ కూర్చున్నాం. ఆ ఓటు సంగతి..."

"వద్దు."

"పిట్ట కూడా లేదిక్కడ. నువ్వు దక్షిణం వైపు ఇళ్ళకి వెళ్ళి చెప్పు, నేను వాగు వైపు చెప్తాను. లేకపోతే పని జరగదే."

"వద్దన్నానా ఆర్విడ్? కోల్టర్ లేడు, ఊరు లేదు, నోటీసు లేదు."

"బడి పోయాక నోటీసు దేనికి అంటిస్తావ్? సమాధికా?"

"పోతే పోతుంది," అంది మార్జీన్. "దొంగచాటుగా నిలబెట్టిన బడిలో పిల్లలకి ఏం నేర్పిస్తాం?"

నాకు ఒళ్ళు మండింది. "ఇదంతా ఆ థర్మన్ వల్లే. పిసినారి ముళ్ళపంది! ఎటు ముట్టుకున్నా గుచ్చుకుంటాడు."

"థర్మన్ రాని మీటింగు ఒక్కటి చెప్పు. తన దిండు తనే తెచ్చుకుని ముందు వరసలో కూర్చుంటాడు. అందరికంటే ఎక్కువ కట్టేవాడు అడగకూడదా?"

"ఇప్పుడు బడి మాట ఎత్తింది నువ్వే!"

"ఇది బడి మాట కాదు, థర్మన్ మాట. ఇంకేదైనా మాట్లాడు. లేకపోతే పాడు."

సరే, పాడాను. ఇంగా కోసం పొద్దున పాడిన కీర్తనే, అన్ని చరణాలూ. తరవాత ఇంగా చేసే ఆపిల్ పై వంటకంలో దాల్చినచెక్క ఎక్కువ వేసేదా, తక్కువ వేసేదా అని పోట్లాడుకున్నాం. కిటికీ అద్దం మీద దీపాలు పడేదాకా అదే సాగింది.

వచ్చింది పెద్ద ట్రాక్టరు. దిగింది థర్మన్.

"నీ గొంతు పాటకి పనికిరాదయ్యా ఆర్విడ్," అన్నాడు.

"నీకెలా తెలుసు?"

"ఊరంతటికీ తెలుసు. ఆ పళ్ళెం ఎత్తి చూడు." మార్జీన్ పళ్ళెం ఎత్తింది. రేడియోలోంచి డోరిస్ కేకలు ఒక్కసారిగా బయటపడ్డాయి. థర్మన్ గొలుసు తీసుకుని బండి ముందుకి నడిచాడు. "బ్రేకు వదులు. ముళ్ళపంది లాగుతుంది."

నేనన్నదాంట్లో అబద్ధం లేదు కనుక వెనక్కి తీసుకోలేదు. అతనూ అడగలేదు.

ఏప్రిల్ మీటింగుకి తరగతి గది చాలలేదు, గోడల వెంట కూడా నిలబడ్డారు. థర్మన్ దిండు మీంచి లేచాడు.

"నా ఓటు వద్దనే. పన్ను ఎక్కువ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. కానీ వీళ్ళు చాటున తేల్చేస్తారని చెప్పుకుంటూ తిరిగింది నేను. ఇక ఆ మాట నా నోట రాదు. గోతిలో పడి, ఎవరూ వినడం లేదనుకుని కూడా ఈవిడ ఆ మాట ఎత్తనివ్వలేదు. బడి పోతే పోతుందంది గానీ దొంగచాటు వద్దంది. మీరందరూ విన్నారు."

వెనక నుంచి ఎవరో, "పాట కూడా విన్నాం బాబూ!" అన్నారు. గదంతా విరగబడి నవ్వింది. మార్జీన్ మొహం ఎర్రబడింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "తరవాతి అంశం" అంది.

మే నెలలో ఓట్లు లెక్కపెట్టారు. బడి గెలిచింది, బాగానే గెలిచింది. ఓడిన ఓట్లలో ఒకటి తనదని థర్మన్ ఇప్పటికీ చెప్పుకుంటాడు. కొత్త బాయిలరు వెలిగించిన రోజు అందరికంటే ముందు వచ్చి దానికి వీపు ఆనించి నిలబడింది అతనే. "నా డబ్బు కదా, కాస్త వేడి నేనూ తీసుకుంటా" అన్నాడు. ఆ ఏడాది మా పిల్లలు చదవడంలో కౌంటీకే మొదట నిలిచారు. ఆ సంగతి విని హ్యాడ్లీ వైపు నుంచి ఒక కుటుంబం వచ్చి మా దగ్గర ఇల్లు తీసుకుంది. పట్నం వదిలి మా బడి కోసం రావడం అదివరకు నా జన్మలో చూడలేదు, ఆ ఏడాది చూశాను.

ఈ జూన్‌లో ముద్రలు వేసే రోజున ఒక దూడ తన్నడంతో మార్జీన్ తుంటి ఎముక విరిగింది. బిల్లింగ్స్ పెద్దాస్పత్రిలో ఆపరేషన్ చేసి, నడక నేర్పించడానికి అక్కడే ఉంచారు. డోరిస్ చేసిన ఆపిల్ పై పట్టుకుని చూడ్డానికి వెళ్ళాను. మనిషి చిక్కింది, గొంతు చిక్కలేదు.

"మార్జీన్, బడ్జెట్‌లో ఆ బస్సు..."

"ఆర్విడ్! ఈ ఆస్పత్రి తలుపు మీద నోటీసు అంటించావా?"

పక్క మంచం ముసలావిడ బిత్తరపోయి చూసింది. నేను ఆపిల్ పై కోసి ఇద్దరికీ పెట్టాను.

ఇప్పుడు నేనూ కోల్టరూ కంచె బాగు చేస్తూ వానల గురించీ, గడ్డి ధర గురించీ మాట్లాడుకుంటున్నాం. మేమిద్దరం కలిసినా మీటింగే కదా! కుర్రాడు ఒకసారి నోరు జారబోయాడు, నేనే ఆపాను. డాక్టర్లు ఇంకో రెండు వారాలు ఉండమంటే మార్జీన్ ససేమిరా అందట. బడ్జెట్ తేల్చే మీటింగు ఆమె లేకుండా జరిగితే ఒప్పుకోనంది. థర్మన్ ఈసారి రెండు దిండ్లు తెస్తానన్నాడు, ఒకటి ఆమె తుంటి కోసం. "పన్ను పెంచితే మాత్రం లాక్కుంటా" అన్నాడు.

నిన్న పొద్దున నేనే వెళ్ళి పోస్టాఫీసు తలుపు మీద కాగితం అంటించి వచ్చాను. బడిలో మీటింగు, అందరూ రావచ్చు, అధ్యక్షత మార్జీన్ ట్వెట్, ఆగస్టు పద్దెనిమిది, మంగళవారం, సాయంత్రం ఏడు గంటలకి.