దురదగొండికి చప్పట్లు కొట్టిన ఆదివారం

యూఫ్రాసియా ఎలాంటిదని అడిగితే మెక్సికో నగరంలోని మా లా మెర్సెద్ బజారులో అందరిదీ ఒకటే మాట, బంగారం లాంటి మనిషని. ఎండుమిరపకాయలు అమ్మేది, తూకం మీద ఇంకో గుప్పెడు కొసరు వేసేది. అదే మనిషి వారాంతం బస్సెక్కి పుయెబ్లాకో పచూకాకో పోయి, నల్ల బూట్లు తొడిగి రింగులో దిగితే 'లా ఒర్తీగా' అయిపోయేది. అంటే దురదగొండి. కళ్లలో పొడిచేది, రిఫరీ అటు తిరగ్గానే కొరికేది. మా కుస్తీలో తొండి ఆడే పక్షం ఒకటి ఉండాలి, దాన్ని జనం తిట్టాలి. ఎంత తిడితే అంత గొప్ప.

బస్సెక్కడం ఎందుకంటే, మా నగరంలో ఆడవాళ్లు కుస్తీ పట్టకూడదని ఏళ్ల తరబడి నిషేధం. మగవాళ్లు మా పేట కుస్తీ హాలు, అరీనాలోనే దొర్లేవారు, మా మనిషి మాత్రం పరాయి ఊళ్లలో తిట్లు తినాలి. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఎనభై ఆరులో నిషేధం ఎత్తేశాక, అరీనా యజమాని ఆమెకు ఒక ఆదివారం మధ్యాహ్నం ఇచ్చాడు.

"జనం ఊగిపోతే ప్రతి వారం ఆడవాళ్ల కుస్తీ పెడతా. చప్పగా ఉందంటే మాత్రం ఇదే ఆఖరు" అన్నాడు.

అప్పటికి ఆమెకు నలభై దాటింది. ఇంకో అవకాశం కోసం ఆగే వయసు కాదు.

బజారు బజారంతా కదిలింది. కూరకి నాగజెముడు మట్టలు అమ్ముకునే నేను, కళ్లు పోయేలా కూర్చుని ఎర్రగుడ్డ మీద 'ఒర్తీగా మా పిల్ల' అని కుట్టాను. వాళ్లమ్మ దోన్యా తొమాసా ఊరు దాటి ఎరగదు, కూతురి కుస్తీ చూడటం అదే మొదలు. ముందు వరసలో నా పక్కనే కూర్చుంది.

ఒర్తీగా రాగానే చప్పట్లకు కప్పు ఎగిరిపోయింది. ఎదురుగా నిలబడ్డ లూసేరో, నియమం తప్పని చక్కని చుక్క, బిత్తరపోయింది. ఒర్తీగా ఆమె కళ్లలో పొడిస్తే భేష్ అన్నాం. జుట్టు పట్టి ఈడిస్తే ఈల వేశాం. ఇక లూసేరో ఎవరి కోసం గెలవాలి? మొదటి పట్టు ముగిసేసరికి ఆట చప్పబడిపోయింది. యజమాని గుమ్మం దగ్గర ఆవలిస్తున్నాడు.

ఒర్తీగా తాళ్ల మీద నుంచి నా వైపు వంగింది.

"చప్పట్లు కొట్టమని ఎవరు ఏడిచారే?"

"మన పిల్లవి కదే."

"మన పిల్లనైతే తిట్టి చావండి. నా కొంప ముంచుతున్నారు."

"నిన్ను తిట్టడానికి నోరెలా వస్తుందే?"

"వస్తుందిలే. తెప్పిస్తా."

నా చేతిలోంచి ఆ ఎర్రగుడ్డ లాక్కుంది. అందరూ చూస్తుండగా దాంతో బూట్లు తుడుచుకుంది. తర్వాత అందులోనే ముక్కు చీది, బజారు ఆడవాళ్ల మీదికే విసిరేసింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "సిగ్గులేనిదానా, ఎంత పొగరే నీకు" అని లేచాను. నటన కాదు, నిజంగానే తిట్టాను. నా వెనక చేపలామె లేచింది, ఉల్లిపాయలామె లేచింది. నారింజ తొక్కలు వానలా పడ్డాయి. "లూసేరో, తన్నవే దాన్ని" అని హాలంతా ఊగిపోయింది. లూసేరోకి ప్రాణం లేచొచ్చింది. తాళ్ల మీద నుంచి ఎగిరి మీద పడింది, ఒర్తీగాను నేలకు అదిమేసింది. ఆఖరి పట్టుకి మా గొంతులు పోయాయి. యజమాని కుర్చీ ఎక్కి నిలబడి మరీ చూశాడు.

ఓడిపోయి, కుంటుకుంటూ వెళ్తూ ఒర్తీగా మా ముందు ఆగింది. ఆ మొహంలో అంత సంతోషం నేనెన్నడూ చూడలేదు.

"ఎలా ఉందమ్మా?" అంది మెల్లగా.

దోన్యా తొమాసా లేచి, చివరి వరసకు కూడా వినబడేలా అరిచింది. "నా కడుపున చెడబుట్టావు కదే."

అరుస్తూనే, మా వరస ముందున్న అడ్డుకడ్డీ కింద నుంచి కూతురి చేతిని గట్టిగా పట్టుకుని ఉంది. పక్కనున్న నాకు తప్ప అది ఎవరికీ కనబడలేదు.