వినకుండా పంపిన ప్రార్థన

నాలుగేళ్లుగా ఒక ఫోను మోస్తున్నాను. చేతిలో పట్టుకుంటే పావుకిలో కూడా ఉండదు. అయినా మోయలేకపోతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

అది మా చర్చి ఫోను. మాది కోసిగి దగ్గర పల్లె. వానలు మొహం చాటేస్తే సంఘంలో సగం మంది మిరపకోతలకు గుంటూరు వైపు వెళ్లిపోతారు. వాళ్లతో పాటు వాక్యం కూడా వెళ్లాలని ఈ ఫోను కొన్నాం. వాళ్లు తమ కష్టాన్ని వాయిస్ మెసేజ్‌గా పంపుతారు. నేను విని అయ్యగారికి, అంటే మా పాస్టరుకు చెప్పాలి. ఆయనకు చూపు సరిగా ఆనదు. ఆయన చేసిన ప్రార్థన రికార్డు చేసి తిరిగి పంపేది కూడా నేనే. సండే స్కూలు టీచరుని, నాలుగక్షరాలు వచ్చినదాన్ని. నాకంటే ఎవరున్నారని అప్పట్లో నా ధీమా.

మొదట్లో అన్నీ విన్నాను. ఇది మాత్రం నిజం. పోనుపోను విసుగొచ్చింది. రోజూ అవే మోకాళ్ల నొప్పులు, అవే పరీక్షలు, తాగొచ్చే అవే మొగుళ్లు. అందరి కష్టమూ ఒకటేనని నాకెవరు చెప్పారు? అయ్యగారి పాత ప్రార్థనల్లోంచి ఎవరి పేరూ లేనిదొకటి ఏరి పెట్టుకున్నాను. “బిడ్డా, నీ మనవి ఆలకించాను. ధైర్యం తెచ్చుకో. కనిపెట్టుకొని ఉండు.” ఎవరేం పంపినా, వినకుండా అదే పంపేదాన్ని. అడిగిన నిమిషానికే జవాబు వస్తోందని అందరికీ ఆశ్చర్యం. కోయిలకుంట్ల నుంచి కూడా సంఘ పెద్దలు వచ్చి మెచ్చుకుని వెళ్లారు. నేను పొంగిపోయాను.

ఆ కోతల్లోనే మా సంఘం పిల్ల సలోమి ఉంది. కడుపుతో ఉంది, ఐదో నెల. భర్త బెంగళూరులో కట్టడాల పనిలో ఉన్నాడు, ఫోను కలవలేదు. రక్తం కనబడుతోందని, ఇంటి మనిషి వస్తే తప్ప మేస్త్రీ పంపనంటున్నాడని, తనతో మాటల్లేని అన్నకు అయ్యగారు నచ్చజెప్పి పంపాలని మెసేజ్ పెట్టింది. ఇవన్నీ తర్వాత ఆమె చెబితేనే నాకు తెలిశాయి. నేను పంపింది మామూలు ప్రార్థనే. కనిపెట్టుకొని ఉండమంటే ఎదురుచూడమనే కదా, అన్న బయలుదేరాడనుకుంది. రెండు రోజులు కల్లం గట్టున దారి చూస్తూ కూర్చుంది. మూడో రోజు తోటి కూలీలే మేస్త్రీతో పోట్లాడి ఆసుపత్రికి తీసుకుపోయారు. బిడ్డ దక్కలేదు.

ఊరికొచ్చాక పలకరించడానికి వెళ్లాను. ఆమె తన ఫోను నా ముందు పెట్టింది.

“అక్కా, అయ్యగారు నా మాట ఇన్న్యారా? ఇంటే ఈ మైకు గుర్తు నీలం అయితాదంట గదా. నాది ఇంకా అట్లే ఉండాది.”

“ఇన్న్యారు సలోమీ. నేనే ఇనిపిస్తి. మా ఫోను పాతది, ఆ గుర్తు సరిగా పడదు.”

ఆమె ఫోను తీసి ఒళ్లో పెట్టుకుంది.

“అట్లయితే సాలక్కా. ఎవురూ ఇనలేదేమో అని శానా ఏడిస్తి. ఆయన దేవుణ్ణి అడిగినంక కూడా పోయిందంటే, ఇంగ అది దేవుని చిత్తమే.”

ఆ మాట విన్న ఆమె అన్న, అయ్యగారికి తెలిసి కూడా తనకు కబురు పెట్టలేదని చర్చికి రావడం మానేశాడు. అలాంటి మెసేజ్ ఏదైనా వచ్చిందా అని అయ్యగారు నన్నొకసారి అడిగారు. రాలేదన్నాను. ఆయన మళ్లీ అడగలేదు. తన మీద పడ్డ నిందను నోరెత్తకుండా భరిస్తున్నారు.

ఇదీ నేనున్న చోటు. ఆమెతో విన్నారన్నాను, ఆయనతో రాలేదన్నాను. ఎటు కదిలినా రెండో అబద్ధం బయటపడుతుంది. ఆమెకున్న ఒక్క ఓదార్పును పాడుచేయకూడదనే నోరు విప్పలేదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. నిజంగా ఆమె కోసమేనా? కాదు. నా పేరు కోసం. ప్రతి ఆదివారం పిల్లలకు అబద్ధమాడకూడదని పాఠం చెప్పే నా నోటి కోసం.

ఆ మెసేజ్ ఇంకా ఈ ఫోనులో ఉంది. నలభై సెకన్లు. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా వినలేదు. వింటే ఆమె ఫోనులో గుర్తు నీలమవుతుంది. ఆమె దాన్ని తీసేయలేదని నాకు తెలుసు.

ఇవాళ ఆరాధన అయ్యి అందరూ వెళ్లాక దాన్ని నొక్కాను.

“అయ్యగారూ, నేను సలోమిని. రగతం పడతాండాది, ఇంటి మనిషి రాందే మేస్త్రీ పంపడంట. మాయన్న నా ఫోను ఎత్తడంల్యా. నువ్వు చెప్తే ఇంటాడు. జల్దీ పంపీ అయ్యా.” కాసేపు ఆయాసం. తర్వాత గొంతు తగ్గించి, “అక్కా, ముందు నువ్వే ఇంటావు గదా. మర్చిపోవాకు.”

గుర్తు నీలమైంది. అక్కడా అయ్యుంటుంది. నన్ను క్షమించమని అడిగే మొహం నాకు లేదు. కానీ ఇన్నేళ్లకు ఊపిరాడుతోంది. సలోమి ఇల్లు ఇక్కడికి నాలుగిళ్ల అవతలే. చర్చి తలుపు తీసే ఉంచాను.