నలుపు వైరు

మూడేళ్లుగా ఒక అబద్ధం నాతో కాపురం చేస్తోంది. చిన్నదే. ఒక్క మాట. ఇంట్లో ఎవరు నవ్వినా అది నాలో ఒకసారి కదులుతుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మేముండేది పరదేశంలో, ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్లో. పాప పుట్టిన ఏడాది మా ఆయన వంశీ ఒక పాత జీపు కొన్నాడు. ఇసుక దిబ్బల మీద, రాళ్ల దారుల్లో తిప్పే రకం. నాకన్నా రెండేళ్లు పెద్దది. రోడ్డు మీద బాగానే పోయేది గాని, ఇసుకలో నెమ్మదిగా నడిపితే ఇంజన్ వేడెక్కిపోయేది. అప్పుడే మామయ్యగారు ఆరు నెలలుందామని వచ్చారు. ఏలూరు బస్సు డిపోలో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా చేసిన మనిషి. ఇక్కడ సోఫాలో కూర్చుని కూర్చుని నీరసపడిపోయారు. జీపు బానెట్ ఎత్తిన రోజు ఆయన ముఖం చూడాల్సింది. ఫ్యాను ఇంజన్ బెల్టుతో తిరుగుతోంది, ఇంజన్ నెమ్మదిస్తే అదీ నెమ్మదిస్తుంది, రేడియేటర్‌కి గాలి చాలడం లేదని తేల్చారు. దాన్ని తీసేసి బ్యాటరీతో తిరిగే ఫ్యాను పెట్టారు. గాలి పక్కలకు జారిపోకుండా దాని చుట్టూ రేకు తొడుగు కూడా తనే కత్తిరించి, వంచి బిగించారు. మూడు రోజులు గరాజ్‌లోనే. అన్నానికి పిలిస్తే వస్తున్నానమ్మా అనేవారు, వచ్చేవారు కాదు.

వైర్ల పని నాకిచ్చారు. నేను ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివాను. చదివి, వర్క్ పర్మిట్ రాక ఇంట్లో ఉన్నాను. పాప ఊపిరి తీస్తోందో లేదోనని రోజుకి ఇరవైసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునే రోజులవి. అలాంటప్పుడు ఎవరైనా, ఇది నీకొచ్చు కదమ్మా, నువ్వు చెయ్యి అంటే ఎంత ఆశ పుడుతుందో మీకు తెలుసా?

ఫ్యానుకి రెండే వైర్లు. ఎరుపు, నలుపు. నేను నలుపుని బ్యాటరీ ప్లస్ వైపు కలపబోతుంటే మామయ్యగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"నలుపు నెగటివ్ కదా అమ్మా?"

"ఇక్కడ అంతా రివర్సే మామయ్యగారూ. స్విచ్ పైకేస్తే ఆన్, కారు కుడి పక్క డ్రైవ్ చెయ్యాలి. నలుపే లైవ్."

"సరే తల్లీ. దేశమే తిరగబడి ఉంటే వైరు ఒక లెక్కా! నువ్వు ఇంజనీరువి. నేను స్పానర్ గాణ్ణి."

నేను చెప్పింది ఇంటి గోడల్లో ఉండే వైర్ల సంగతి. ముందు నెలలో హాల్లో స్విచ్ మారుస్తూ, ఇక్కడ నల్ల వైరులోనే కరెంటు ఉంటుందని తెలుసుకున్నాను. బండి సంగతి వేరు. అందులో నలుపు నెగటివే. అది నాకు తెలియదా? తెలుసు. మరెందుకలా అన్నాను? నిద్రలేక తల మొద్దుబారిందని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. కానీ నిజం ఏమిటంటే, ఈ దేశం గురించి ఒక మనిషికన్నా నాకెక్కువ తెలుసు అన్న సంబరం ఆ నిమిషంలో నాకు దొరికింది. దాన్ని వదులుకోలేకపోయాను.

వైర్లు తారుమారైనా ఫ్యాను తిరుగుతుంది. వెనక్కి తిరుగుతుంది. లోపలికి లాగాల్సిన గాలిని బయటికి తోస్తుంది. చప్పుడు మాత్రం ఒకటే. అందుకే మామయ్యగారు చివర్లో ఒక పరీక్ష పెట్టారు. ఆయన లోపల కూర్చుని స్విచ్ వేస్తారు. నేను బండి ముందున్న జాలీ దగ్గర కాగితం పట్టుకోవాలి. గాలి లోపలికి పోతుంటే కాగితం అతుక్కుంటుంది. నా చంకలో పాప. ఫ్యాను మోతకి గుక్కపట్టి ఏడ్చింది. కాగితం నా చేతిలోంచి జారిపోయింది.

"అతుక్కుందా అమ్మా?"

"ఆఁ, అతుక్కుంది."

వంగి తీసి ఇంకోసారి పెట్టి ఉంటే అయిపోయేది. నేనప్పటికే ఇంట్లోకి నడుస్తున్నాను.

జూలైలో నలుగురం సరస్సు ఒడ్డు ఇసుక దిబ్బలకి వెళ్లాం. రెండో దిబ్బ ఎక్కుతుండగా బానెట్ కింద నుంచి ఆవిరి ఎగసింది. నేను పాపని సీటుతో సహా లాక్కుని ఇసుకలోకి పరుగెత్తాను. ముట్టుకోకురా అని మామయ్యగారు అరుస్తూనే ఉన్నారు, వంశీ రేడియేటర్ మూత తిప్పేశాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా కాలింది. ఆసుపత్రిలో కట్టు కట్టించుకుంటూ తండ్రితో అన్నాడు: "నీ రేకు డబ్బా గాలంతా ఆపేసింది నాన్నా. బండిలో పాప ఉంది. రాకపోతే రాదని చెప్పొచ్చు కదా."

మామయ్యగారు నా చేతుల్లోంచి పాపని అందుకున్నారు. నేను పాల సీసా కోసం సంచి వెతుక్కున్నాను.

ఇంతవరకు పొరపాటు అనుకోండి. ఆ తర్వాతది కాదు. జీపుని ఇంటికి లాక్కొచ్చాక, వంశీ ఆఫీస్ కాల్‌లోనూ మామయ్యగారు నడకలోనూ ఉన్నప్పుడు, నేను గరాజ్‌లోకి వెళ్లి జాలీ దగ్గర కాగితం పెట్టి చూశాను. ఎగిరి నా ముఖానికి తగిలింది. రెండు వైర్లూ ఊడదీసి, సరిగ్గా మార్చి కలిపాను. రెండు నిమిషాలు పట్టింది. ఇంజన్ అప్పటికే పాడైపోయింది. మరి ఎవరి కోసం బాగుచేశాను? బాగుచేయలేదు, ఆనవాలు చెరిపేశాను. పాపని అలాంటి బండిలో కూర్చోబెట్టింది తల్లే అని వంశీ నా వైపు చూసే చూపుని ఊహించుకున్నాను. అంతకన్నా ఏదైనా నయమనిపించింది.

మర్నాడు మామయ్యగారు తనే కాగితం పెట్టి చూసుకున్నారు. అతుక్కుంది. "ఫ్యాను బాగానే లాగుతోంది. అయితే నా రేకేరా" అన్నారు కొడుకుతో. తొడుగు విప్పి, సుత్తితో చదును చేసి, చెత్తబుట్టలో పెట్టారు. నేను కిటికీలోంచి చూస్తూ పాపకి అన్నం తినిపించాను. ఆ తర్వాత వంటింట్లో కుళాయి కారుతుంటే ఆయన ప్లంబర్ని పిలవమన్నారు. ఏలూరు వెళ్లాక తన పనిముట్ల పెట్టె ఎవరికో ఇచ్చేశారట.

పోయిన ఆదివారం వీడియో కాల్‌లో పాప తన సైకిల్ పెడల్ ఊడిపోయిందని చూపించింది. "తాతా, ఫిక్స్ చెయ్." ఆయన నవ్వి, "తాతకి రాదమ్మా. అమ్మనడుగు, అమ్మ ఇంజనీరు" అన్నారు. వెటకారం లేదు. ఉంటే బాగుండేది. వెనక నుంచి వంశీ, "తాతకి ఇవ్వకు, పొగలొస్తాయి" అన్నాడు. మా ఇంట్లో అది పాత జోకు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ముప్పై ఏళ్లు ఇంజన్లతో బతికిన మనిషికి అనుమానం రాలేదా? వచ్చి, కోడలి పరువని మింగేశారా? అలా అనుకుంటే ఇంకా భయమేస్తుంది. ఆయనకు చెప్తానా? ఫోన్ రెండుసార్లు తీసి పెట్టేశాను. రేపు తీస్తానని మాటివ్వలేను. నా మాట విలువ ఎంతో మీకిప్పుడు తెలుసు.

వైర్లు తిప్పి కలిపింది నేను. చూడకుండా చూశానన్నది నేను. తెలిశాక దాచింది నేను. మామయ్యగారి పనిలో ఏ లోపమూ లేదు.

ఈ నాలుగు వాక్యాలూ మళ్లీ చదివాను. ఒక్క మాట కూడా కొట్టేయాలనిపించలేదు.