ఓడ మీద పేరెత్తని చేప

స్కాట్లాండ్ ఉత్తరాన మా బకీ రేవులో ఏండ్రూ ఫ్లెట్ అంటే అందరికీ హడలే. యుద్ధం రాగానే నౌకాదళం అతని చేపల ఓడను తీసుకుని, దానికో ఫిరంగి బిగించి, అతనికే ఆఫీసరు కోటు తొడిగింది. “చేపల కంపు కొట్టే ఆఫీసరట!” అని దొరబిడ్డలు మూతి తిప్పుకున్నారు. కొట్టనీ! అది అతని తండ్రి కట్టించిన ఓడ. దాని మీదుంటే అతనికి ఎవరి మాటా పట్టేది కాదు.

ఓడలను వెంట ఉండి దాటించడం అతని పని. ప్రమాదం ముంచుకొస్తే ఎవరి కోసమూ ఆగకుండా సాగిపొమ్మనడానికి పైవాళ్లు ఒక రహస్యపు మాట పెట్టారు: సాల్మన్. ఏ బుద్ధిమంతుడు పెట్టాడో గానీ, మావాళ్లు ఓడ మీద ఆ చేప పేరెత్తరు. ఎత్తితే కీడు; ‘ఎర్ర చేప’ అంటారంతే, ఏండ్రూ అయితే ఒడ్డున కూడా. నోరు జారితే వెంటనే ఇనుము ముట్టుకుంటారు.

ఒక ఉదయం ముందున్న ఓడ పేలి మునిగింది. మనుషులు నూనె తెట్టులో కొట్టుకుంటున్నారు. వైర్‌లెస్ దగ్గరున్న ఏండ్రూ బావమరిది జో స్లేటర్ కేకేశాడు.

“బావా! ఎర్ర చేప అంటున్నారు!”

“విన్నాన్లేరా. ఇంజను ఆపమను. వలలు దించండి!”

దొరికినవాళ్లందరినీ పైకి లాగాకే ఓడ కదిలింది.

సాగిపొమ్మన్నా ఆగినందుకు నౌకాదళం పెట్టిన విచారణలో కెప్టెన్ హార్డింగ్ మంచిగానే మాట్లాడాడు.

“మీ జో అసలు మాట చెప్పలేదటగా, మిస్టర్ ఫ్లెట్. ఆజ్ఞ మీకు అందలేదనండి చాలు. ఓడ మీకే ఉంటుంది.”

“మరి జో?”

“అతనికి శిక్ష తప్పదు.”

ఏండ్రూకి ఒళ్లు మండిపోయింది. నిజం చెబితే తండ్రి కట్టించిన ఓడ పోతుందని తెలుసు. బల్ల ఇనుపకాలు గట్టిగా పట్టుకున్నాడు.

“సాల్మన్!” అన్నాడు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. “వాడు చెప్పాడు, నాకు అర్థమైంది. కావాలనే ఆగాను. వాడి జోలికి రాకండి.”

కెప్టెన్ కలం పక్కన పెట్టాడు. “మళ్లీ మనుషులు నీళ్లలో ఉంటే?”

“ఈసారి ఆ మాట మీరే నా చెవిలో అరవండి సార్. అయినా ఆపుతాను.”

ఆ సాయంత్రమే ఓడను వేరే ఆఫీసరుకి అప్పగించారు.