రైలు తలుపులో నులక మంచం

మా ఊరి రైలు లైను చిన్నది. జంక్షన్‌లో మొదలై మా స్టేషన్‌తోనే అయిపోతుంది. ఎనభైల మొదట్లో దాని బొగ్గు ఇంజనూ, చెక్క పెట్టెలూ ఇక పనికిరావని తేల్చారు. బదులు ఏ బండి వెయ్యాలో చూడడానికి ఒక ఆఫీసరు, బస్సులా సొంత ఇంజనున్న కొత్త ఒంటి పెట్టెతో వచ్చారు. అది కుదరకపోతే వేరే లైనులో వాడిన పాత పెట్టెలు తెప్పిస్తామన్నారు.

కొత్తది అందరికీ నచ్చింది. నాకూ నచ్చింది, దాని ఇరుకు తలుపు చూసేదాకా. వాగు పొంగితే మాకు బస్సు రాదు. మంచం పట్టినవాళ్లను ఆ మంచంతోనే మోసుకొచ్చి, పాత రైలు సామాన్ల పెట్టెలో ఎక్కించి వరంగల్ దవాఖానకు తీసుకుపోయేవాళ్లం. నా భార్యకు రాబోయే వానాకాలంలోనే కాన్పు. మొదటి బిడ్డ మాకు దక్కలేదు.

నలుగురు మోసుకొచ్చిన పక్షవాయువు రోగిని యేసు ముందు దించడానికి ఇంటికప్పు విప్పిన సంగతి, పాస్టరుగా మా సంఘంలో ఎన్నో ఆదివారాలు చెప్పినవాణ్ణి. రైలుకు కప్పు విప్పలేం. మా నులక మంచం తెప్పించాను. పక్కకు ఒరగబెడితే లోపలికి పోయింది.

"పట్టింది కదయ్యా" అన్నారు ఆఫీసరు.

"పానం బాగలేనోళ్లు మీదుంటే ఒరగబెడ్తమా సార్?" అన్నాను.

"అయితే ఎవరైనా పడుకోండి, చూద్దాం."

ఎవరూ కదల్లేదు. బాగున్న మనిషి మోసే మంచమెక్కితే చావును పిలిచినట్టేనని మావాళ్ల భయం.

"నువ్వు పండుకోరాదు తాతా, ఎట్లైన పోయేటోనివే" అన్నాడొక పిలగాడు.

"నీ పెండ్లి బువ్వ తినకుంట యాడికి పోతన్రా?" అన్నాడు ముసలాయన. అందరూ నవ్వారు, మంచం దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు.

నా భార్య ముందుకొచ్చింది. "నేను పండుకుంట. రేపు పొయ్యేదాన్ని నేనే గదా."

"కడుపుతోని ఉండి గవేం మాటలు? పక్కకు జరుగు బిడ్డా" అంటూ మా అమ్మ మంచం మీద పడుకుంది. బాప్తిస్మం తీసుకున్నా ఆ భయం ఆమెను వదల్లేదని నాకు తెలుసు. కళ్లు గట్టిగా మూసుకుంది.

నలుగురం ఎత్తాం. మంచం తలుపులో ఇరుక్కుంది. కొంచెం ఒరగబెట్టగానే అమ్మ జారింది. రెండు చేతులతో నులక పట్టుకుంది. ఆఫీసరు గబుక్కున ఆమె తల కింద చెయ్యి పెట్టారు.

"దించండి" అన్నారు. మంచం కింద పెట్టాక, "పాత పెట్టెలే కావాలని రాస్తాను" అన్నారు.

వెడల్పు తలుపుల సామాన్ల పెట్టెతో సహా వానలకు ముందే అవి వచ్చాయి. రంగు వెలిసిపోయి, కిర్రుమంటూ. ఆషాఢంలో, వాగు నిండుగా పారుతున్న రోజున, నా భార్యను మోసుకుంటూ స్టేషన్‌కు చేరాం. సామాన్ల పెట్టె రెండు రెక్కలూ తీశారు. ప్రార్థన చేద్దామంటే నాకు ఒక్క మాటా రాలేదు. మంచంకోడు పట్టుకుని పక్కనే నడుస్తున్న అమ్మ మాత్రం, "ఒరగనియ్యకు ప్రభువా, ఒరగనియ్యకు" అంటూనే ఉంది.

మంచం ఒరగకుండా లోపలికి పోయింది. మా పెద్ద బిడ్డ వరంగల్‌లో పుట్టింది.